వ్యూస్ వేలల్లో, ఆర్డర్లు వేళ్ల మీద: పచ్చళ్లు అమ్మేవాళ్ల ఇబ్బందులు, వాటి మందులు

మా ఇంట్లో పచ్చడి కలిపేది మా అత్తయ్య. ఫోన్లు, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, పార్శిళ్లు నా పని. ఆవకాయ రోజులొస్తే మాలాగే ఇంటి దగ్గర పచ్చళ్లు, పొడులు, పిండివంటలు చేసి అమ్మే అక్కచెల్లెళ్లు ఫోన్ చేసి ఒకటే మాట అడుగుతారు: "ఎంత పోస్టు చేసినా అమ్మకం పెరగట్లేదు, ఇంకేం చేయాలి?" చుట్టుపక్కల వాళ్లు అప్పటికే చెప్పి ఉంటారు, బూస్ట్ చెయ్యి (డబ్బు కట్టి పోస్టు ఎక్కువమందికి చూపించు), ఆఫర్ పెట్టు, పెద్ద ఇన్‌ఫ్లుయెన్సర్‌తో వీడియో చేయించు అని. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను: కొనాలని వచ్చిన మనిషి ఎక్కడిదాకా వచ్చి వెనక్కి పోయింది? చూసి పోయిందా, ధర అడిగి పోయిందా, డబ్బు కట్టబోయి ఆగిందా, ఒకసారి తిని మళ్లీ రాలేదా? ఒక్కోచోట ఒక్కో అనుమానం పుడుతుంది, దేని మందు దానిదే.

వేలమంది చూస్తున్నారు, ఒక్కరూ కొనట్లేదు

ముందుగా ఇన్‌స్టాగ్రామ్‌లో లెక్కలు చూపే ఇన్‌సైట్స్‌లో మీ పేజీని ఏ ఊళ్ల వాళ్లు చూశారో చూడండి. మీ పార్శిల్ వెళ్లని చోట, తెలుగు రాని చోట ఎక్కువమంది చూసి ఉంటే ఆ అంకె మీ వ్యాపారానికి పనికిరాదు. ట్రెండింగ్ పాట పెట్టి నూనె పోసే దృశ్యం చూపిస్తే దేశమంతా చూస్తుంది. వాళ్లలో పచ్చడి కావాలనుకునేవాళ్లు ఎంతమంది? బూస్ట్ చేసేటప్పుడు ఊళ్లు మీరే ఎంచుకోండి, లక్ష్యం దగ్గర మెసేజ్‌లు వచ్చేలా పెట్టండి. అన్నీ యాప్‌కే వదిలేస్తే డబ్బులు ఖర్చవుతాయి, లైకులు వస్తాయి, అక్కడితో సరి.

చూసినవాళ్లు మన ఊళ్ల వాళ్లే అయినా ఆర్డర్ రాలేదంటే, పదింట తొమ్మిదిసార్లు నాకు కనిపించే కారణం ఒకటే. ధర రాయరు. "ధర కోసం మెసేజ్ చేయండి" అని పెడతారు. చూసేవాళ్లకు రెండు అనుమానాలొస్తాయి. మనిషిని బట్టి ధర చెప్తారేమో అని ఒకటి, అడిగాక కొనకపోతే బాగుండదేమో అని ఇంకొకటి. రెండోది మన ఆడవాళ్లలో మరీ ఎక్కువ. బట్టల కొట్లో పది చీరలు తీయించి ఊరికే లేచి రావడానికి ఎంత మొహమాటపడతామో ఇదీ అంతే. అర కిలో ఎంత, కిలో ఎంత, హైదరాబాద్‌కు కొరియర్ ఎంత, బెంగళూరుకు ఎంత అన్నీ వీడియోలోనే కనిపించాలి. మేము డబ్బా మూత మీద మార్కర్‌తో ధర రాసి, ఆ మూత పెడుతున్నట్టే రీల్ తీశాం. ఆ వారం మెసేజ్‌లు సగానికి తగ్గాయి కానీ వచ్చినవాళ్లలో ఎక్కువమంది అడ్రస్‌తోనే వచ్చారు.

అన్నీ అడుగుతారు, డబ్బు కట్టే దగ్గర మాయమవుతారు

ఇది అన్నిటికన్నా బాధ పెట్టేది. అరగంట మాట్లాడతారు, కారం ఎంత వేస్తారు, వెల్లుల్లి లేకుండా ఉంటుందా, ఎన్నాళ్లు నిలవుంటుంది అని అడుగుతారు. క్యూఆర్ కోడ్ పంపగానే నిశ్శబ్దం.

మాకూ చాలాకాలం అర్థం కాలేదు. ఒకావిడ మాత్రం మొహమాటం లేకుండా ఫోన్ చేశారు. "అమ్మా, మీ పేజీ మీద ఒక పేరుంది, స్కాన్ చేస్తే ఎవరో మగాయన పేరు వస్తోంది. ఇది మీదేనా?" అన్నారు. ఆ ఖాతా మా మరిది పేరు మీద ఉంది. మొదట్లో తొందరలో అదే వాడాం, తర్వాత మార్చడం మర్చిపోయాం. ఆవిడ అడిగారు కాబట్టి తెలిసింది. అడక్కుండా ఫోన్ పక్కన పెట్టేసినవాళ్లు ఎందరో! వాళ్లది తప్పు కాదు. ముక్కూమొహం తెలియని వాళ్లకు డబ్బు పంపి మోసపోయిన కథ ఇప్పుడు ప్రతి ఇంట్లో ఒకటుంది. సైబర్ మోసాలకు 1930 నంబరు ఉందని పిల్లలు పెద్దవాళ్లకు నేర్పుతున్న రోజులివి.

వ్యాపారం పేరుతో కరెంట్ ఖాతా తెరిచి మర్చంట్ క్యూఆర్ (వ్యాపారులకిచ్చే క్యూఆర్ కోడ్) తీసుకోండి, స్కాన్ చేయగానే పేజీ పేరే కనబడాలి. అది చేతికొచ్చేదాకా క్యూఆర్‌కు ముందే ఒక వాక్యం పంపండి: "స్కాన్ చేస్తే ఫలానా పేరు వస్తుందండి, ఆయన మా మరిది." వాళ్లు అడిగాక చెప్తే అది సంజాయిషీలా ఉంటుంది. ముందే చెప్తే మామూలు మాట.

ఇక్కడే చూడాల్సినది లేబుల్. తినే వస్తువు అమ్మేవాళ్లకు ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ గానీ లైసెన్స్ గానీ తప్పనిసరి. దాని 14 అంకెల నంబరు డబ్బా మీదే కాదు, పేజీ బయోలోనూ వాట్సాప్ కేటలాగ్‌లోనూ పెట్టండి. ఆ నంబరు అసలుదో కాదో ఎవరైనా ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫోస్కాస్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చని కూడా రాయండి. నూటికి తొంభై మంది చూడరు. చూసుకోమని మీరే చెప్పినందుకే వాళ్ల అనుమానం సగం తీరుతుంది. డబ్బా మీద ఏమేం వేశారో, నికర బరువు, ఎమ్మార్పీ, తయారైన తేదీ, ఎప్పటిలోగా తినాలో, శాకాహార గుర్తు, పూర్తి అడ్రస్, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. ఊరి పేరొక్కటే రాసి ఊరుకోకండి, డోర్ నంబరుతో సహా రాయండి. ఇల్లు ఎక్కడో చెప్పలేనివాళ్లకు ముందే డబ్బు కట్టమంటే ఎవరు కడతారు?

ఇంకా వెనకాడేవాళ్ల కోసం పావుకిలో డబ్బా ఉంచండి. లాభం ఏమీ మిగలదు, నాకు తెలుసు. అయినా ఉంచండి.

వాట్సాప్‌లో అందరికీ పంపాను, ఎవరూ పలకలేదు

అసలు మెసేజ్ అందిందా? ఒకే మెసేజ్‌ను అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా చేర్చవచ్చు. అయితే మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ వెళ్తుంది. ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి గాలిలోకి మెసేజ్‌లు పంపేవాళ్లను చూశాను. పంపిన మెసేజ్‌ను నొక్కిపట్టి సమాచారం తెరిస్తే ఎవరికి అందింది, ఎవరు చదివారు కనబడుతుంది.

నంబరు సేవ్ చేయించుకోవడానికి వాళ్లకు పనికొచ్చే కారణం చెప్పాలి. పార్శిల్‌లో చిన్న చీటీ పెట్టి, "పచ్చడి గురించి ఏ సందేహమున్నా ఈ నంబరుకే. సేవ్ చేసుకుంటే కొత్త కాయ వచ్చినప్పుడు మీకు కబురందుతుంది. కబుర్లు వద్దంటే వద్దని రాయండి, ఆపేస్తాం" అని రాశాం. వద్దన్నవాళ్ల పేరు ఆ రోజే తీసేయాలి. రేపు చూద్దామనుకుని మళ్లీ ఇంకోటి పంపితే బ్లాక్ చేస్తారు, రిపోర్ట్ కొడతారు, నాలుగు రిపోర్టులు పడితే నంబరుకే ముప్పు. వేలమందికి ఒకేసారి పంపుతామని ఎవరెవరో అమ్మే బయటి సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు, వాటితో మీ నంబరే నిషేధానికి గురవుతుంది. ఫోన్ నంబర్ల జాబితాలు కొనడం కూడా అలాంటిదే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మూలసూత్రమే సమ్మతి. మీకు నంబరు ఇవ్వని మనిషికి మీ నుంచి పొద్దున్నే శుభోదయం పువ్వుల బొమ్మ వస్తే ఆమెకు ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఎన్నిసార్లు పంపాలి? మాకు నెలకు రెండు. కాయ దిగినప్పుడు, గోంగూర బాగున్నప్పుడు, ఉసిరి వచ్చినప్పుడు. చెప్పడానికి కబురుంటేనే.

"మీ ధర ఎక్కువ" అంటున్నారు

ఈ మాట వినగానే ఉక్రోషం వస్తుంది. ఎండలో కాయ కొట్టించి, టెంక పొర తీసి, ఒక్కో ముక్క తుడిచిన చేతులకు ఆ మాట గుచ్చుకుంటుంది. అయినా ఆ క్షణంలో జవాబు టైప్ చేయకండి. మనం విసుక్కుని అన్న ఒక్క మాట స్క్రీన్‌షాట్‌గా మారి ఊళ్లు తిరుగుతుంది.

అడిగినవాళ్లు మనల్ని అవమానించడానికి అడగలేదు. సూపర్ మార్కెట్ సీసా ధర ఒకటి వాళ్ల మనసులో ఉంది, దానికీ దీనికీ తేడా ఎందుకో తెలియట్లేదు. ఆ తేడా చెప్పండి. కాయ రకం, కారం ఎక్కడిది, పప్పు నూనెనా రిఫైండ్ నూనెనా, డబ్బాకు ఎంత, కొరియర్‌కు ఎంత. మా అత్తయ్య కాయ కొట్టించిన రోజు మేము పది సెకన్ల వీడియో తీసి, నూనె డబ్బా మీది పేరు కనబడేలా పెట్టాం. ధర అడిగినవాళ్లకు అదే పంపుతాం. కొందరు అప్పటికీ వద్దంటారు. "పర్లేదండీ, మళ్లీ ఎప్పుడైనా" అని మర్యాదగా ఆపేయాలి.

చేయకూడనిది, ధర పెంచి కొట్టేసి పక్కన తక్కువ అంకె వేయడం. ఏడాది పొడవునా సగం ధర ఆఫర్ నడిచే కొట్టులో అసలు ధర ఏదో కొనేవాళ్లకు అర్థమైపోతుంది. "ఇంకా 3 డబ్బాలే ఉన్నాయి" అని రోజూ పెట్టడమూ అంతే. ఇలా లేని తొందర పుట్టించడాన్ని కేంద్రం 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో (కొనేవాళ్లను మాయచేసే ఆన్‌లైన్ ఎత్తుగడల్లో) చేర్చింది. చివర్లో చెప్పకుండా చార్జీలు కలపడం కూడా ఆ జాబితాలో ఉంది. నిజంగా మూడే ఉంటే మూడే అని చెప్పండి, అయిపోగానే అయిపోయాయని కూడా పెట్టండి. "ప్రిజర్వేటివ్‌లు లేవు" అన్న మాట వేయనివాళ్లే రాయాలి. "షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చు" లాంటి మాట ఎవరూ రాయకూడదు. అది నమ్మి తినే పెద్దవాళ్లుంటారు.

ఒక్క చెడ్డ రివ్యూ పడింది, ఆర్డర్లు తగ్గాయి

తగ్గించేది ఆ రివ్యూ కన్నా దాని కింద మీరిచ్చిన జవాబు, లేదా అసలు ఇవ్వకపోవడం. కొత్తవాళ్లు ఒక్క స్టార్ రివ్యూలే ముందు చదువుతారు. నేనూ అంతే చేస్తాను. తప్పు జరిగినప్పుడు వీళ్లు ఎలా ఉంటారో అక్కడే తెలుస్తుంది కదా.

"ఉప్పు ఎక్కువ, నోట్లో పెట్టుకోలేం" అని మాకొకరు రాశారు. చదివి మా అత్తయ్య ఆ రోజు అన్నం సరిగా తినలేదు. సాయంత్రం అదే జాడీలోంచి తీసి ముగ్గురం రుచి చూశాం. నిజమే. అప్పుడు రాసిన జవాబు ఇది:

"నమస్తే అండీ. మీరు చెప్పాక అదే జాడీలోది మేమూ రుచి చూశాం, ఉప్పు ఎక్కువే పడింది. మా తప్పే. మీ డబ్బు ఈరోజే వెనక్కి పంపుతున్నాం. ఆ జాడీలోది ఇక ఎవరికీ పంపం. ఇదే తేదీ డబ్బా అందుకున్న మిగతావారికి మేమే ఫోన్ చేస్తున్నాం."

చివరి వాక్యం రాసినందుకు నిజంగానే అందరికీ ఫోన్ చేయాల్సి వచ్చింది. రెండు రోజులు పట్టింది. ఇద్దరు ముగ్గురు డబ్బు వద్దన్నారు, కొంచెం ఉప్పు తక్కువగా ఇంకో పావుకిలో కలిపేస్తే సరిపోతుందన్నారు. పంపాం.

రివ్యూ అబద్ధమైతే? అప్పుడూ కోపం వద్దు. "ఈ పేరుతో, ఈ తేదీన మాకు ఆర్డర్ కనబడట్లేదండి, ఆర్డర్ వివరం వాట్సాప్ చేస్తే వెంటనే చూస్తాం" అని రాసి, గూగుల్‌లో ఆ రివ్యూను రిపోర్ట్ చేయండి. చుట్టాల చేత అయిదు స్టార్లు వేయించి దాన్ని కిందికి తోయాలనిపిస్తుంది, చేయకండి. ఒకే రోజు "సూపర్", "చాలా బాగుంది" అని పదిహేను పడితే చూసేవాళ్లకు అర్థం కాదా? అయిదు స్టార్లు వేస్తే డిస్కౌంట్ ఇస్తామనడం గూగుల్ నియమాలకు విరుద్ధం. ఆన్‌లైన్ రివ్యూలు ఎలా సేకరించాలి, ఎలా ప్రచురించాలి అన్నదానికి వస్తువులకు ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ బీఐఎస్ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణమే తెచ్చింది. పాత కస్టమర్లను అడగండి, పొగడమని కాదు, ఉన్నది రాయమని.

వెబ్‌సైట్ పెట్టి అమ్మేవాళ్లకు ఇంకో సంగతి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. వినకపోతే కొనేవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తారు. అంతదాకా రానివ్వకండి.

ఇన్‌ఫ్లుయెన్సర్ వీడియో తర్వాత రెండు రోజుల సందడి, తర్వాత ఏమీ లేదు

వీడియో కింద కామెంట్లు చదవండి. "ఎంత తీసుకున్నారు?" అని కనబడితే కారణం అదే. డబ్బు తీసుకున్న సంగతి దాచారు, జనం కనిపెట్టారు, ఆ ఇన్‌ఫ్లుయెన్సర్ మీద అనుమానం మీ పచ్చడికీ అంటుకుంది. డబ్బే కాదు, ఊరికే పంపిన డబ్బా అయినా సరే, ఆ సంబంధాన్ని వీడియోలోనే స్పష్టంగా చెప్పాలని నియమం. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. మనలాంటి చిన్నవాళ్లం ఆ అంకె ఊహించుకోలేం కూడా. "ఇది ప్రకటన" అని మొదట్లోనే చెప్పించండి, అమ్మకం ఏమీ తగ్గదు.

నాకైతే లక్షల ఫాలోయర్లున్నవాళ్ల కన్నా, మా పచ్చడి రెండేళ్లుగా కొంటూ తన వంట వీడియోల్లో తనకు తానే చూపించే ఒక మామూలు ఇల్లాలి మాట ఎక్కువ పనిచేసింది. వీడియో రోజుకు మీ దగ్గర ఎన్ని కిలోలున్నాయో కూడా ముందే లెక్క చూసుకోండి. రద్దీకి ఆశపడి ఊరని పచ్చడి పంపితే అన్నీ పోతాయి.

అమెరికా ఆర్డర్లు వచ్చాయి, గొడవలూ వచ్చాయి

అక్కడున్న మన పిల్లలకు పంపేటప్పుడు తగాదా ఎప్పుడూ పార్శిల్ చేరాకే వస్తుంది: "ఇంకా డబ్బు కట్టమంటున్నారు, మీరు చెప్పలేదే!" 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. పాత అలవాటుతో కొరియర్ చార్జీ ఒక్కటే చెప్పి పంపినవాళ్లు ఇరుక్కున్నారు. పంపే వారమే కొరియర్ వాళ్లను అడిగి, సుంకంతో కలిపి ఒకే మొత్తం చెప్పండి. తిండి వస్తువులకు అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ముందస్తు నోటీసు అవసరం, అది ఎవరు వేస్తారో కొరియర్ వాళ్లతో తేల్చుకోండి. చికెన్, మటన్ పచ్చళ్లకు ఒప్పుకోవద్దు.

ఒకసారి కొన్నారు, మళ్లీ రాలేదు

కొత్తవాళ్లను వెతకడానికి పెట్టే ఖర్చులో పావు వంతు ఇక్కడ పెట్టినా చాలనిపిస్తుంది నాకు. మళ్లీ రానివాళ్లకు ఫోన్ చేసి అమ్మకం మాట ఎత్తకుండా అడగండి, "పచ్చడి ఎలా ఉందండీ?" అని. మాకు రెండు జవాబులు వచ్చాయి.

మొదటిది, "పోయినసారి ఉన్నట్టు లేదు." మా అత్తయ్య కొలత సోల. ఉప్పు, కారం, ఆవపిండి సోల లెక్కే. కానీ గల్లుప్పు ఒకసారి మెత్తగా దంచుతాం, ఒకసారి కొంచెం బరకగా. సోల నిండుతుంది, బరువు మారుతుంది. ఆ చెడ్డ రివ్యూ వచ్చిన జాడీ సంగతీ ఇదే. ఇప్పుడు సోలతో కొలిచి, ఆ పైన కాటా మీద కూడా పెడతాం, బరువు పుస్తకంలో రాస్తాం. మొదట అత్తయ్య నొచ్చుకుంది, నలభై ఏళ్ల చేయి తప్పుతుందా అని. పుస్తకంలో రెండు జాడీల అంకెలు పక్కపక్కన చూశాక తానే కాటా తెమ్మంటోంది. కలిపిన మూడో రోజు తిరగకలిపి, ఉప్పు చూసి, నూనె పైకి తేలాకే డబ్బాల్లోకి ఎత్తుతాం. కొత్తగా కలిపినది కావాలని పట్టుబట్టేవాళ్లకు డబ్బా మీద "ఈ తేదీ తర్వాత తినండి" అని చీటీ అంటిస్తాం, లేకపోతే ముక్క ఊరలేదని, ఆవఘాటు ఎక్కువని మనల్నే అంటారు.

రెండో జవాబు, "పార్శిల్ విప్పేసరికి అంతా నూనె." ఒక కొరియర్ వాళ్లు మా అట్టపెట్టెను ఎలా విసిరారో గానీ మూత దగ్గర కారి, లోపల పెట్టిన చీటీ, పక్కనున్న కందిపొడి పొట్లం తడిసిపోయాయి. అందుకున్నావిడ ఫిర్యాదు చేయలేదు. పెట్టె తుడుచుకుని ఊరుకున్నారు, మళ్లీ ఆర్డర్ పెట్టలేదు. ఫిర్యాదు చేసేవాళ్లు మనకు ఇంకో అవకాశం ఇస్తున్నట్టు. ఊరుకున్నవాళ్లే పోతారు. పైగా ముక్కలు పైకి తేలి నూనె బయటికి పోతే ఆ పైముక్కకు బూజు పడుతుంది, అప్పుడు పచ్చడే చెడ్డదంటారు.

ఇప్పుడు డబ్బాను మెడ దాకా నింపం, వేలెడు ఖాళీ వదిలి పైన నూనె పోస్తాం. మూత కింద సీలు, మూత చుట్టూ టేపు, దాని మీద రెండు మందపాటి కవర్లు, పెట్టెలో కదలకుండా పాత పేపర్ ఉండలు. పంపే ముందు రోజు రాత్రి ఆ విడత డబ్బాల్లోంచి రెండు తీసి, తెల్ల కాగితం పరిచి తలకిందులుగా పెట్టి పడుకుంటాం. పొద్దున కాగితం మీద నూనె మరక కనిపిస్తే ఆ రోజు పార్శిళ్లు ఆపేసి, మూతలన్నీ మళ్లీ చూసి, ఆలస్యమవుతుందని అందరికీ మెసేజ్ పెడతాం.